గతి ముందా, స్వరం ముందా? ప్రాథమిక పాఠశాలలో సంగీత బోధన – తెలుగు బాలగేయం

కీలక పదాలు: బాలగేయం, మాత్రాఛందస్సు, గతి, వరస, అభ్యాసగానం, ప్రాథమిక విద్య

ఉపోద్ఘాతం

తెలుగు వాచకాలలో గేయపాఠం వెంట తరచు కనిపించే సూచన ఒకటుంది: గేయాన్ని రాగయుక్తంగా, అభినయంతో పాడించాలి. ఆ రాగం ఏది, అది ఉపాధ్యాయునికి ఎక్కడినుంచి రావాలి అన్న ప్రశ్నలకు పాఠంలో సమాధానం దొరకదు. కవి పేరు ఉంటుంది, బొమ్మ ఉంటుంది, కఠినపదాలకు అర్థాలుంటాయి, అభ్యాసాలుంటాయి. వరస మాత్రం ఉండదు. పాడగలిగిన ఉపాధ్యాయుడున్న బడిలో గేయం పాటగా పిల్లలకు అందుతుంది. అటువంటి వారు లేని బడిలో అదే గేయం పొట్టిపాదాలుగా విరిచిన వచనమై, ప్రశ్నలూ జవాబులతో ముగుస్తుంది.

ఇది చిన్న లోపంగా కనిపించవచ్చు. ఇంటివద్ద సంగీతం నేర్పించగల స్తోమత ఉన్న కుటుంబాల పిల్లలకు ఇది నిజంగానే చిన్న లోపం. ఆ అవకాశం లేని పిల్లలకు మాత్రం తెలుగు గంటే సంగీతపు గంట కూడా. అక్కడ గేయం పాట కాకపోతే వారికి సంగీతశిక్షణ మరొక చోట లభించదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో భాగంగా కళలపై వెలువడిన పత్రం పదో తరగతి వరకు కళావిద్యను తప్పనిసరి చేయాలని సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం మూడు, నాలుగు, ఐదు తరగతులను సన్నాహక దశగా విడదీసి, కళలను ఇతర బోధనాంశాలతో మేళవించాలని చెప్పింది. ఈ రెండు పత్రాలూ ఏం చేయాలో చెప్పాయి. తెలుగు మాధ్యమంలో, తెలుగు పాఠంతో, సంగీతశిక్షణ లేని ఉపాధ్యాయుడు దానిని ఎలా చేయాలన్నది భాషాశాఖలు ఆలోచించవలసిన విషయం.

ఎనిమిదేళ్ళనుంచి పదకొండేళ్ళలోపు పిల్లలకు సంగీతం నేర్పే క్రమంలో తెలుగు బాలగేయం స్థానమేమిటి, ఆ స్థానాన్ని నిలుపుకోవడానికి గేయానికి ఉండవలసిన లక్షణాలేమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనకు తీసుకున్న అంశాలు. సంగీతానికి ప్రవేశద్వారం తెలుగు పదంలోని మాత్రాగతిలోనే ఉందనీ, స్వరం దాని వెనుక రావాలనీ, బాలగేయ విమర్శ ఇంతవరకు వస్తువుకు ఇచ్చినంత ప్రాధాన్యాన్ని పాడదగిన గుణానికి ఇవ్వలేదనీ నిరూపించడం దీని ఉద్దేశం.

అభ్యాసగానం: బలం, పరిమితి

కర్ణాటక సంగీతంలో పిల్లలకు నేర్పే తొలిపాఠాల క్రమం పురందరదాసుల (1484–1564) పేరుతో ప్రసిద్ధం. మాయామాళవగౌళలో సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, ఆ తరువాత మలహరిలో పిళ్ళారి గీతాలు అన్న ఈ క్రమం దక్షిణభారతమంతటా నేటికీ నిలిచి ఉంది. ఇన్ని శతాబ్దాలు నిలవడానికి తగిన బలం దానిలో ఉంది. మాయామాళవగౌళ పూర్వాంగ ఉత్తరాంగాలు ఒకే అమరిక కలవి. షడ్జంనుంచి మధ్యమం వరకు ఉన్న అంతరాలే పంచమంనుంచి తారషడ్జం వరకు మళ్ళీ వస్తాయి. సగం నేర్చిన పిల్లకు మిగిలిన సగం పరిచితంగానే తోస్తుంది. పాఠం మొదటినాడే తాళం చేతికి వస్తుంది. ఒకే స్వరవరుసను మూడు కాలాలలో పాడించడం వల్ల వేగం రెట్టింపు కావడమంటే ఏమిటో లెక్కగా కాక అనుభవంగా తెలుస్తుంది.

ఈ క్రమాన్ని ప్రాథమిక పాఠశాల తరగతిగదికి యథాతథంగా తరలించాలనుకున్నప్పుడు మూడు ఇబ్బందులు ఎదురవుతాయి.

మొదటిది గురువుకు సంబంధించినది. అభ్యాసగానం గురుముఖంగా ఒకరికో నలుగురికో చెప్పే పద్ధతిగా పెరిగింది. శుద్ధ రిషభాన్నీ, ఆ తరువాత వచ్చే అంతర గాంధారాన్నీ తప్పులేకుండా పలికించడానికి శిక్షితమైన చెవి ఉన్న గురువు కావాలి. నలభైమంది పిల్లలున్న గదిలో, స్వయంగా స్వరజ్ఞానం లేని ఉపాధ్యాయుడు ఆ పని చేయలేడు. చేయబోతే తప్పుస్వరం నలభై గొంతులలో స్థిరపడుతుంది.

రెండవది భాషకు సంబంధించినది. పిళ్ళారి గీతాల సాహిత్యం సంస్కృత, కన్నడాలకు చెందినది. ‘కెరె’ అంటే చెరువని తెలియకుండానే తెలుగు పిల్ల ‘కెరయ నీరను’ గీతాన్ని పాడుతుంది. సంగీతశిక్షణ దృష్టితో ఇది దోషం కాకపోవచ్చు. అర్థం మీదకు మనసు పోకుండా స్వరం మీదనే నిలుస్తుందని సంప్రదాయజ్ఞులు సమర్థిస్తారు. బడిలో మాత్రం గేయం భాషాపాఠం కూడా. మాటా పాటా వేరైపోతే రెండింటికీ నష్టమే.

మూడవది లయకు సంబంధించినది. దీనిని విమర్శకులు అంతగా పట్టించుకోలేదు. సప్తతాళ అలంకారాలలో ఒక్కొక్క ఆవర్తనానికి ఉండే అక్షరాల సంఖ్య ధ్రువకు 14, మఠ్యకు 10, రూపకానికి 6, ఝంపెకు 10, త్రిపుటకు 7, అటకు 14, ఏకతాళానికి 4. మూడక్షరాల ఆవర్తనం గాని, ఐదక్షరాల ఆవర్తనం గాని ఈ పట్టికలో లేదు. ఖండలఘువు అటతాళంలో భాగంగా, వేళ్ళ లెక్కగా వస్తుందే తప్ప ఐదు మాత్రల నడకగా వినిపించదు. తెలుగు మాటలు సహజంగా నడిచే నడకలలో మూడు, ఐదు ముఖ్యమైనవి. ఖండచాపు, మిశ్రచాపు తాళాలు పదాలలో, కీర్తనలలో విరివిగా ఉన్నా తొలిపాఠాలలో వాటికి చోటు దొరకలేదు. అంటే తెలుగు పిల్ల నోటిలో అప్పటికే ఉన్న లయకూ, సంగీతపాఠం మొదట అందించే లయకూ నడుమ ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీని పూరించగలిగినది బాలగేయం.

కొదాయ్ చెప్పిన ‘సంగీత మాతృభాష’

హంగరీ సంగీతకారుడు జోల్తాన్ కొదాయ్ (1882–1967) పేరు బాలల సంగీతబోధన చర్చలలో తరచు వినిపిస్తుంది. బేలా బార్తోక్‌తో కలిసి పల్లెపాటలను సేకరించిన కొదాయ్, పిల్లలకు సంగీతం వారి భాషలోని జానపద గేయాలతోనే మొదలుకావాలని వాదించాడు. ప్రతిరోజూ సంగీతం నేర్పే ప్రాథమిక పాఠశాల 1950లో కెచ్‌కెమేత్ పట్టణంలో ఆయన ఆలోచనల మీదనే ఆరంభమయింది. కాలప్రమాణాన్ని తెలిపే పలుకుబడి అక్షరాలు, స్వరస్థానాలను చూపే చేతిగుర్తులు, స్థిరమైన శ్రుతికి కట్టుబడని స్వరనామాలు ఈ పద్ధతిలో ప్రధానసాధనాలు. చేతిగుర్తులు ఇంగ్లండులో కర్వెన్ ప్రచారం చేసిన పద్ధతినుంచి వచ్చినవి.

ఈ సాధనాలను తెలుగు బడిలో దిగుమతి చేసుకోవలసిన అవసరం అంతగా లేదు. సరిగమలు ఏ శ్రుతిలోనైనా ఇమిడే స్వరనామాలే. తకిట, తకధిమి వంటి జతులు కాలప్రమాణాన్ని తెలిపే అక్షరాలే. గ్రహించవలసినది కొదాయ్ పద్ధతి వెనుకనున్న తర్కం. హంగేరియన్ భాషలో ఊనిక ఎప్పుడూ పదంలోని మొదటి అక్షరం మీద పడుతుంది. అందువల్ల ఆ భాషలోని జానపద గేయాలు సాధారణంగా తాళపు తొలిదెబ్బమీదనే ఎత్తుకుంటాయి. భాషలోని ఊనిక పాటలోని దెబ్బను నిర్ణయించింది. కొదాయ్ తన పాఠక్రమాన్ని ఈ సంబంధం మీదనే నిలబెట్టాడు.

తెలుగుకు ఆ ఊనిక లేదు. తెలుగు పద్యానికీ పాటకూ ప్రాతిపదిక మాత్ర. హ్రస్వదీర్ఘాల భేదం, ద్విత్వసంయుక్తాలకు ముందున్న అక్షరం గురువు కావడం అన్నవే తెలుగు నడకను నిర్ణయిస్తాయి. కనుక కొదాయ్‌ను అనుసరించడమంటే హంగరీ పాఠాలను అనువదించుకోవడం కాదు. ఆయన తన భాషను అడిగిన ప్రశ్నను తెలుగును అడగడం. ఆ ప్రశ్నకు సమాధానం ఛందశ్శాస్త్రంలో ఏనాడో సిద్ధంగా ఉంది.

తెలుగు మాటలోని లయ

రగడలను గతినిబట్టి విభజించిన లాక్షణికులు మూడు మాత్రల నడకకు తురగవల్గనాన్ని, నాలుగింటికి మధురగతిని, ఐదింటికి ద్విరదగతిని, మూడు నాలుగుల కలయికకు వృషభగతిని ఉదాహరణలుగా చూపారు. సంగీతంలో వీటినే త్రిస్ర, చతురస్ర, ఖండ, మిశ్ర గతులంటారు. సాహిత్యవిద్యార్థి ఛందస్సు పాఠంలో నేర్చేదీ, సంగీతవిద్యార్థి లయపాఠంలో నేర్చేదీ ఇక్కడ ఒక్కటే. రెండు శాఖలూ వేర్వేరు పేర్లతో వేర్వేరు గదులలో చెప్పడం వల్ల ఈ ఏకత్వం మరుగునపడింది.

ఈ నాలుగు గతులు పండితపరిభాషకు పరిమితమైనవి కావు. తెలుగు ఇంటిలో పిల్లలు పిలిచే పిలుపులను లెక్కిస్తే ఇది స్పష్టమవుతుంది. అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, మామ, తాత, అవ్వ – వీటిలో ప్రతి ఒక్కటీ గురులఘువులతో కూడిన మూడు మాత్రల పదం. వరుసగా పలికితే త్రిస్రగతి తనంత తానే నడుస్తుంది. వీటిలో కొన్నింటికి గౌరవసూచకంగానో ఆప్యాయంగానో ‘అయ్య’ చేరినప్పుడు తాతయ్య, అన్నయ్య, అక్కయ్య, మామయ్య, అత్తయ్య అవుతాయి. ఇవన్నీ ఐదు మాత్రల పదాలు. తొలిగురువు దగ్గర విరిస్తే రెండు, మూడుగా విడిపోయి ఖండచాపు నడక వినిపిస్తుంది. ‘మామిడి’ నాలుగు మాత్రలు. దానికి ముందు మూడు మాత్రల ‘గున్న’ చేరి ‘గున్నమామిడి’ అయితే మిశ్రగతి. ‘చందమామ’ మూడు, మూడు. ‘బడిగంట’ రెండు, మూడు. కొత్త పదమొక్కటీ నేర్పకుండానే నాలుగు గతులనూ మూడో తరగతి పిల్లచేత పలికించవచ్చు.

ఆటపాటలలో ఈ లయ చేతులకూ కాళ్ళకూ దిగింది. చెమ్మచెక్కలో ఎదుటివారి చేతికి చేయి తగలవలసిన క్షణాన్ని మాటలోని గణమే నిర్ణయిస్తుంది. గణం తప్పితే చప్పట్లు తప్పుతాయి, ఆట ఆగుతుంది. ఒప్పులకుప్ప తిరుగుళ్ళు, కాళ్ళాగజ్జె ఆటలో ఒక్కొక్క కాలిమీదా చేయి పడే తీరు ఇటువంటివే. బతుకమ్మ పాటలో ఒకరు చెప్పగా పదిమంది అందుకోవడం, చప్పట్లతో వలయంగా తిరగడం, పల్లవిపదం మళ్ళీ మళ్ళీ వచ్చి అందరినీ ఒక చోట కలపడం సామూహిక లయశిక్షణకు చక్కని నమూనాలు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ మొదలుకొని జరిగిన జానపద పరిశోధన ఈ పాటలకు సాహిత్యగౌరవం కల్పించింది. వాటిని బోధనాసాధనాలుగా చూడడం ఇంకా జరగవలసి ఉంది.

ఆధునిక కవిత్వంలో గురజాడ అప్పారావు (1862–1915) ఈ విషయానికి ముఖ్యసాక్షి. 1910లో వెలువడిన ‘ముత్యాల సరములు’ మిశ్రగతిలో నడుస్తుంది. బడిపిల్లలు తరతరాలుగా పాడుతున్న దేశభక్తి గేయానిదీ అదే నడక. ‘పూర్ణమ్మ’ చతురస్రగతిలో సాగుతుంది. ముత్యాలసరానికీ వృషభగతి రగడకూ గల సంబంధం చేకూరి రామారావు వంటి ఛందోవిమర్శకులు విస్తృతంగా చర్చించినదే. ఆ చర్చ ఛందస్సు వికాసచరిత్రకు పరిమితమైంది. దేశభక్తి గేయాన్ని వరస తెలియని ఉపాధ్యాయుడు కూడా తప్పుపోకుండా చెప్పించగలగడానికి కారణం ఆ మిశ్రగతి అన్న సంగతి బోధనాశాస్త్రానికి అంతే విలువైనది. గతి దృఢంగా ఉన్న గేయం తన లయను తానే మోసుకొని వస్తుంది.

సాగదీత: ఎక్కడ, ఎంత

మాటలోని మాత్రలూ పాటలోని కాలమూ అన్నిచోట్లా సరిసమానంగా ఉండవు. పాట మాటను సాగదీస్తుంది. ఆ హక్కు దానికి ఉంది. ఆ హక్కుకు హద్దు ఎక్కడ అన్నది తెలుగు బడిలో చాలా ముఖ్యమైన ప్రశ్న. తెలుగులో అచ్చు నిడివి అర్థభేదకం. ‘మెడ’ వేరు, ‘మేడ’ వేరు; ‘పలు’ వేరు, ‘పాలు’ వేరు. దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో ఇంకా స్థిరపడని మూడో తరగతి పిల్లచేత పదం మధ్యలో ఉన్న హ్రస్వాన్ని సాగదీయించి పాడిస్తే, చెవిలో నిలిచినది చేతిరాతలోకి దిగుతుంది.

శంకరంబాడి సుందరాచారి రచించిన ‘మా తెలుగు తల్లికి’ గీతం పేరులోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ‘మా తెలుగు’ ఐదు మాత్రలు. ‘తల్లికి’ కాగితం మీద నాలుగే. పాటలో ఆ చివరి ‘కి’ సాగి ఐదు మాత్రలు పూర్తవుతాయి, ఖండగతి చెడదు. సాగినది ధాతువులోని అచ్చు కాదు, పదం చివరనున్న విభక్తి ప్రత్యయపు అచ్చు. తెలుగులో పదాంత హ్రస్వం సాగినంత మాత్రాన సాధారణంగా పదం మరొక పదం కాదు. పిలుపులోనూ పలకరింపులోనూ మాట చివరి అచ్చు నిత్యం సాగుతూనే ఉంటుంది. చెవి దానికి అలవాటుపడి ఉంది. దీనినుంచి ఒక సూత్రం రూపొందించవచ్చు: సాగదీత గణాంతంలో, అదీ పదాంతంతో కలిసినచోట పడితే పాట మాటకు హాని చేయదు, పదమధ్యంలోని హ్రస్వం మీద పడితే హాని చేస్తుంది.

వరస లేని గేయానికి ప్రచారంలో ఉన్న సినిమా బాణీని తగిలించడం బడులలో సాధారణంగా కనిపించే పరిష్కారం. దీనిని అభిరుచి దృష్టితో ఖండించడం సులభం గాని ప్రయోజనం లేదు. పిల్లలకు తెలిసిన బాణీ కావడం ఒక సౌకర్యమే. పరీక్షించవలసినది గతి. మిశ్రగతిలో ఉన్న గేయాన్ని చతురస్రంలో నడిచే బాణీలోకి నెట్టినప్పుడు ప్రతి ఏడు మాత్రలకూ ఒక మాత్ర లోటు వస్తుంది. ఆ లోటును పూడ్చడానికి ఎక్కడో ఒక హ్రస్వం సాగాలి. అది పదమధ్యంలో పడితే భాష చెడుతుంది. గతులు కలిసినప్పుడు సినిమా బాణీ వల్ల భాషకు నష్టం లేదు. గతులు కలవనప్పుడు శాస్త్రీయరాగమైనా నష్టమే.

బాలగేయాన్ని తూచే ప్రమాణాలు

బాలగేయ విమర్శ ఎక్కువగా వస్తువు చుట్టూ తిరిగింది. నీతి ఉందా, దేశభక్తి ఉందా, శాస్త్రీయదృష్టి ఉందా, పిల్లల లోకం ఉందా అన్న ప్రశ్నలు అవసరమైనవే. అవి కథకూ వర్తిస్తాయి. గేయానికి ప్రత్యేకమైన ప్రశ్నలు వేరు. మూడునుంచి ఐదో తరగతి వరకు ఉద్దేశించిన గేయం విషయంలో ఐదు ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు.

ఒకటి, గతిస్థిరత. ఎత్తుకున్న గతి చివరివరకు నిలవాలి. అంత్యప్రాస కోసం ఒక పాదంలో రెండు మాత్రలు పెంచిన గేయం చదువుతున్నప్పుడు బాగానే తోస్తుంది. నలభైమంది కలిసి చప్పట్లతో పాడినప్పుడు అక్కడే చెదిరిపోతుంది. అంత్యప్రాస గేయానికి అలంకారం, గతి దానికి ఆధారం.

రెండు, ఊపిరి. ఎనిమిదేళ్ళ పిల్ల ఒక ఊపిరిలో పాడగలిగినంత నిడివిలోనే పాదానికి విరామం రావాలి. వాక్యం రెండో పాదం మధ్యవరకు సాగి అక్కడ విరిగితే, ఊపిరి ఒకచోట, అర్థం ఒకచోట ఆగుతాయి.

మూడు, సాగదీయదగిన చోటు. పాదాంతంలో దీర్ఘమో, సాగినా చెడని పదాంత అచ్చో ఉండాలి.

నాలుగు, హల్లుల బరువు. సంస్కృతసంయుక్తాలు గుత్తులుగా వచ్చే పదాలు చౌకకాలంలో పలుకుతాయి గాని మధ్యమకాలానికి వచ్చేసరికి నాలుక తడబడుతుంది. తెలుగు ద్విత్వాలు ఇందుకు భిన్నం. ‘అక్క’, ‘గున్న’ వంటి మాటలలోని ఒత్తు లయకు దెబ్బగా తోడ్పడుతుంది.

ఐదు, అందుకొనే పదం. అందరూ కలిసే పల్లవిపదం ఉన్న గేయంలో, చరణం ఇంకా కంఠస్థం కాని పిల్లకు కూడా పాటలో పాలు దక్కుతుంది.

ఈ ప్రమాణాలతో చూసినప్పుడు ఆకాశవాణి ‘బాలానందం’ కాలానికి ప్రత్యేకత కనిపిస్తుంది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు (1905–1984), కామేశ్వరి దంపతులు నడిపిన ఆ కార్యక్రమంలో గేయం చెవిద్వారా వచ్చింది. మాటా వరసా విడిపోకుండా కలిసే ఇంటికి చేరాయి. వారు 1945లో ఆరంభించిన ‘బాల’ పత్రికలో గేయం కంటికీ అందింది. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రచించిన బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) వంటి కవి, స్వరకర్త ఒకే మనిషి కావడం వల్ల రేడియో గేయం గతినీ వరసనూ ఒక్క పుట్టుకలోనే పొందింది. వాచకంలోని గేయానికి ఆ అదృష్టం లేదు. అది అచ్చు మాత్రమే. తాళ్ళపాక వారి సంకీర్తనలను రాగిరేకులపై చెక్కినప్పుడు కూడా సాధారణంగా ప్రతి సంకీర్తనకూ రాగం పేరు చేర్చారు. ఐదువందల ఏళ్ళ కిందటి రాగిరేకు పాటించిన ఆ జాగ్రత్త నేటి వాచకపు పుటలో లోపించింది.

మూడు తరగతుల క్రమం

పై చర్చనుంచి ఒక బోధనాక్రమం సహజంగా ఏర్పడుతుంది. మూడో తరగతిలో త్రిస్ర, చతురస్ర గతులు చాలు. బంధువాచకాలు, పండ్ల పేర్లు, పక్షుల పేర్లు చప్పట్లతో పలికించి, ఏ పేరు ఏ నడకలో ఇముడుతుందో పిల్లలచేతనే వర్గీకరింపజేయాలి. ‘చిలుక’, ‘పలక’ ఒక బుట్టలోకి, ‘మామిడి’, ‘బలపము’ మరొక బుట్టలోకి వెళతాయి. వాచకంలోని గేయాన్ని మొదట స్వరం లేకుండా, గతితో చెప్పించి, తరువాత రెండు మూడు స్వరాల పరిధిలో పాడించవచ్చు.

నాలుగో తరగతిలో ఖండ, మిశ్ర గతులు వస్తాయి. ‘పలక బలపము’ అని రెండు మాటలు కలిపినప్పుడు మూడు, నాలుగు కలిసి ఏడవుతాయని పిల్ల స్వయంగా కనుగొంటుంది. మూడు కాలాల అభ్యాసం ఇక్కడ ప్రవేశిస్తుంది. షడ్జపంచమాలను శ్రుతిపెట్టె సహాయంతో గుర్తించడం, విన్న స్వరాన్ని తిరిగి పలకడం ఈ దశకు తగినవి.

ఐదో తరగతినాటికి పిల్లలకు వచ్చిన పాటలోని వరసనే సరిగమలుగా విడదీసి చూపవచ్చు. అలంకారాలలో ఏకతాళం, రూపకం, త్రిపుట ఇప్పుడు అందించాలి. త్రిపుటలోని మూడు, రెండు, రెండు లెక్క అప్పటికే మిశ్రగతి తెలిసిన పిల్లకు కొత్తగా ఉండదు. అభ్యాసగానం ఈ క్రమంలో తొలగిపోలేదు. దానికి తగిన పునాది ఏర్పడిన తరువాత వచ్చింది.

ఈ క్రమానికి వాచకం చేయవలసిన సహాయం స్వల్పం. గేయం శీర్షిక కింద గతి పేరు, దానికి సరిపడే జతి, సాగదీయవలసిన అక్షరం దగ్గర ఒక చిన్న గీత ఉంటే చాలు. స్వరలిపి చదవలేని ఉపాధ్యాయుడు కూడా ‘తకిట తకధిమి’ అన్న ఒక్క సూచనతో గేయాన్ని నిలబెట్టగలడు.

ఆక్షేపణలు, సమాధానాలు

గతికి ఇంత ప్రాధాన్యమిస్తే శ్రుతి వెనుకబడుతుందన్న ఆక్షేపణకు బలముంది. లయ తెలిసి శ్రుతి తెలియని పాట సగం పాటే. సమాధానం క్రమంలో ఉంది. తప్పుశ్రుతిని సరిదిద్దడానికి శిక్షితమైన చెవి కావాలి. తప్పిన చప్పట్టును గదిలో ఉన్న ప్రతి పిల్లా గుర్తించగలదు. ఉన్న వనరులతో దోషం లేకుండా నేర్పగలిగినదానితో మొదలుపెట్టడం వివేకం.

శ్రుతి విషయంలో మరొక సంగతి ఉంది. పురుష ఉపాధ్యాయుడు తనకు అనుకూలమైన శ్రుతిలో పాడి, దానినే అందుకోమన్నప్పుడు పిల్లలు ఇబ్బంది పడతారు. ఈ వయసులో మగపిల్లల కంఠం ఇంకా మారలేదు. ఆడపిల్లల కంఠంవలెనే పై స్థాయిలో ఉంటుంది. శ్రుతి తమది కాకపోవడం వల్ల అపస్వరం పలికిన పిల్లకు గొంతు లేదని తీర్మానించడం, బృందంలో పెదవులు కదిపి ఊరుకొమ్మనడం ఈ వయసులో జరిగే పెద్ద అన్యాయం. ఆ మాట విన్న పిల్ల తరువాత పాడడానికి వెనుకాడుతుంది. గతితో మొదలైన బోధనలో అటువంటి వెలి ఉండదు. చప్పట్లకు మంచి గొంతు అక్కరలేదు. ఆ చప్పట్ల నడుమ గొంతు భయం వదిలి, నెమ్మదిగా శ్రుతిలోకి వస్తుంది.

గతిని ముందే నిర్ణయిస్తే కవి స్వేచ్ఛ తగ్గుతుందనీ, బాలగేయం యాంత్రికమవుతుందనీ మరొక ఆక్షేపణ. ఒకే గతిలో యాంత్రికమైన గేయాలూ వచ్చాయి, గురజాడ గేయమూ వచ్చింది. గతి కవిత్వానికి హామీ కాదు, అడ్డంకీ కాదు. పిల్లలు పాడడానికి రాసిన రచనలో పాడదగిన గుణాన్ని ఆశించడం మాత్రం న్యాయమైన ఆశ. మాత్రల లెక్క లేని వచనకవిత పిల్లలకు చదివి వినిపించదగినదే. దానిని గేయమని పిలిచి, రాగయుక్తంగా పాడమనడం ఉపాధ్యాయుని మీద మోపిన భారం.

ముగింపు

ప్రాథమిక పాఠశాలలో సంగీతబోధనకు ప్రత్యేకోపాధ్యాయులు రావాలన్న కోరిక సమంజసమైనది. వారు వచ్చేవరకు ఏం జరగాలన్న ప్రశ్నకు తెలుగు ఛందస్సు ఇచ్చే సమాధానం ఈ వ్యాసంలో పరిశీలితమైంది. తెలుగు మాటలో మాత్ర ఉంది, మాత్రల కలయికలో గతి ఉంది, గతి వెంట చప్పట్లున్నాయి, ఆ చప్పట్లమీద స్వరం నిలుస్తుంది. ఈ మెట్ల వరుసలో మొదటి మూడింటినీ తెలుగు చెప్పే ఉపాధ్యాయుడే ఎక్కించగలడు.

ఇందులో విశ్వవిద్యాలయ తెలుగు శాఖలకు నేరుగా సంబంధించిన పనులు రెండున్నాయి. వాడుకలో ఉన్న వాచకాలలోని గేయాలన్నిటికీ గతినిర్ణయం చేసి, గతి తప్పిన పాదాలను గుర్తించి చూపడం మొదటిది. ఉపాధ్యాయశిక్షణలో గురులఘువుల పాఠాన్ని గణవిభజన లెక్కగా కాక, చేతితో వేసే లయగా నేర్పించడం రెండవది. గణాలను గుర్తించి మార్కులు తెచ్చుకున్న విద్యార్థులే రేపు మూడో తరగతి గదిలో నిలబడి గేయం చెబుతారు. వారు నేర్చిన ఛందస్సు అక్కడ పిల్లల చేతులలో చప్పట్లుగా మారితే, వాచకంలోని గేయం మళ్ళీ పాటవుతుంది.